పేరిగాడి వేషానికి మనిషి కావలెను

బల్లార్‌పూర్ పక్కనున్న విసాపూర్‌లో ‘ప్రతాపరుద్రీయం’ నాటకం వేద్దామని ఎవరైనా తలపెట్టారనుకోండి. తలపెట్టలేదు, తలపెట్టే సూచనలూ లేవు. అయినా అనుకోండి, అనుకోవడానికి చందా కట్టనక్కర్లేదు. బల్లార్‌పూర్ కాగితం మిల్లులోనో బొగ్గు గనిలోనో నౌకరీ చేసి దిగిపోయిన మంచిర్యాల, పెద్దపల్లి వైపు పెద్దమనుషులు పదిమంది ఒకచోట కూర్చుంటారు. చాయ్ వస్తుంది. దాని మీద మీగడ కట్టేలోపు ప్రతాపరుద్రుడి వేషానికి తొమ్మిదిమంది తేలతారు. పదో ఆయన అధ్యక్షుడు. తన పేరు తానే చెప్పుకోవడం మర్యాద కాదని ఎరిగినవాడు గనక, ఇంకొకరెవరైనా చెప్పేదాకా గోడ మీది క్యాలెండరు వంక చూస్తూంటాడు.

యుగంధరుడి వేషానికి ఇద్దరు ముగ్గురు ఒప్పుకుంటారు, పిచ్చివాడుగా కనిపించే రంగాలు కాస్త తగ్గించే వీలుంటుందా అని అడిగి మరీ. ఢిల్లీ సుల్తాను సంగతి తర్వాత చెబుతాను. చాకలి పేరిగాడి దగ్గరికొచ్చేసరికి మాత్రం గదిలో అందరికీ ఒకేసారి ఫోన్లు మోగుతాయి.

నాటకం చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. వేదం వేంకటరాయ శాస్త్రి గారు 1897లో వెలువరించారు దీన్ని. ఢిల్లీవాళ్లు కాకతీయ ప్రతాపరుద్రుణ్ణి పట్టుకుపోతారు. మంత్రి యుగంధరుడు సుల్తాన్నే పట్టుకొస్తానని పంతం పడతాడు. పిచ్చివాడి వేషం కట్టి, ఢిల్లీ నడివీధిలో ఆ పంతాన్నే గొంతు చించుకుని అరుస్తూ తిరుగుతాడు. పిచ్చివాడి మాట ఎవడు పట్టించుకుంటాడు! పట్టించుకోకపోవడమే సుల్తాను కొంప ముంచుతుంది. ఇటు ఓరుగల్లులో రాజు పోలికలున్న చాకలి పేరిగాడికి రాజవేషం వేస్తారు. చివరికి యుగంధరుడి పంతం నెగ్గుతుంది, మన మీసాలు లేస్తాయి, తెర పడుతుంది.

మీసాలు లేచాయి సరే, ఎవరి ఖర్చుతో? నాటకంలో నాలుగు రకాల మనుషులున్నారు, నాలుగు రకాల పరువులున్నాయి. రాజుగారి పరువు ఆయన ఒంట్లోనే ఉంది. ఆయన ఒళ్లు ఢిల్లీకి పోతే రాజ్యం పరువంతా పెట్టెలో పెట్టి పంపినట్టే. యుగంధరుడికి పని నెగ్గడమే పరువు, అందుకోసం ఎంత హీనమైన వేషమైనా వేస్తాడు, ఎవరి చేతనైనా చీ అనిపించుకుంటాడు. సుల్తాను పరువు ఎదుటివాడు తల వంచడంలో ఉంది. ఇక పేరిగాడు. వాడికి పరువుందో లేదో ఎవరూ అడగరు. తక్కిన ముగ్గురి పరువూ నిలబడాలంటే వాడు కదలకుండా కూర్చోవాలి, అంతే. కత్తి వస్తే రాజుగా చావాలి, రాకపోతే చాకలిగా ఇంటికి పోవాలి. ప్రేక్షకులు నవ్వేది కూడా వాడినే చూసి.

విసాపూరే ఎందుకంటారా? ఓరుగల్లు నుంచి ఢిల్లీకి ఇప్పుడు రైల్లో ఎవరు వెళ్లాలన్నా బల్లార్షా దాటి, ఈ ఊరి పక్కనుంచే చంద్రపూర్ మీదుగా నాగపూర్ పోవాలి. ప్రతాపరుద్రుణ్ణి తీసుకుపోయిన దారి ఇదేనని నేననను. టికెట్టు కొని పోయే ప్రతాపరుద్రులు మాత్రం రోజూ ఇటే పోతున్నారు. ఢిల్లీలో తెలుగువాడి పరువు నిలబెట్టి వస్తామని చెప్పి ఎక్కుతారు, శాలువాలు కప్పించుకుని, కప్పినవాడితో ఫొటో దిగి తిరిగొస్తారు. వాళ్లను విడిపించుకు రావడానికి పిచ్చి మంత్రి అక్కర్లేదు, తిరుగు టికెట్టు ముందే తీసుకునే పోతారు.

శాలువా అన్నాను గనక అసలు ప్రతాపరుద్రుడి సంగతి చెప్పుకోవాలి. మన పదిమంది రాజులకూ ఇది నచ్చదు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించినప్పుడు ఈ మహారాజు తన బంగారు బొమ్మ ఒకటి చేయించి, దాని మెడకు బంగారు గొలుసు వేసి బయటికి పంపాడని అమీర్ ఖుస్రో రాశాడు. లొంగిపోవడానికి తాను రాకుండా తన బొమ్మను పంపిన తెలివి చూడండి. 1318లో ఢిల్లీ సేన మళ్లీ వచ్చింది. అప్పుడు కోట మీదికెక్కి ఢిల్లీ దిక్కుకు వంగి దండం పెట్టి, సుల్తాను పంపిన అంగీ తొడుక్కున్నాడు. ఇదీ ఖుస్రో రాసిందే. ఖుస్రో ఢిల్లీ జీతగాడు, కాస్త ఎక్కువ చేసి రాసే ఉంటాడు. ఆస్థాన కవి ఏ ఊళ్లో ఉన్నా అంతే. కానీ ఆ పదమూడేళ్లలో రాజు చేసిన పని తెలుస్తూనే ఉంది. సేన వచ్చినప్పుడు వంగడం, పోయాక కప్పం ఎగ్గొట్టడం, మళ్లీ వస్తే మళ్లీ వంగడం. పరువును వాయిదాల మీద చెల్లించినవాడు ఆయన. నాకైతే ఇందులో తప్పేమీ కనిపించదు. ఊరు తగలబడకుండా అన్నేళ్లు నెట్టుకొచ్చాడు. 1323లో ఢిల్లీ యువరాజు ఉలుగ్‌ఖాన్ ముందు వాయిదాలు చెల్లలేదు, కోట పడిపోయింది, రాజును ఢిల్లీకి తీసుకుపోయారు.

తర్వాతే తమాషా మొదలైంది. ముసునూరి ప్రోలయ నాయకుడి విలస శాసనం సుమారు 1330 నాటిది. దాని ప్రకారం రాజు దారిలోనే నర్మద ఒడ్డున పోయాడు. 1423 నాటి కలువచేరు శాసనం వచ్చేసరికి, తనంతట తానే దివికి వెళ్లాడు. బందీగా చావడం కంటే అది గౌరవం కదా. ఏకామ్రనాథుడి ప్రతాపచరిత్రలో వదిలేస్తే ఇంటికి తిరిగొచ్చాడు. 1897కు వచ్చేసరికి సుల్తానే బందీ అయ్యాడు. చచ్చిపోయిన రాజు పరువు ఏటేటా పెరుగుతూ వచ్చింది, బ్యాంకులో వేసినా అంత వడ్డీ రాదు. ఇంకో వందేళ్లు ఆగితే ఢిల్లీ కోటకు పునాది రాయి ఓరుగల్లు నుంచే పోయిందని చదువుకుంటాం. నమ్మనివాడి ఇంటి ముందు ధర్నా కూడా చేస్తాం.

అలాగని శాస్త్రిగారిని నిందించడం నా ఉద్దేశం కాదు. తెల్లవాడి రాజ్యంలో, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో కొలువు చేసిన పండితుడు, దొరను ఏమీ అనలేని కాలంలో ఒక ఢిల్లీ సుల్తాన్ని వెతికి తెచ్చి కట్టేశాడు. ఆ కాలపు ప్రేక్షకుడికి ఎవరిని కట్టేశారో విడమరచి చెప్పనక్కర్లేదు. నాటకంలో అబద్ధం ఉండవచ్చు. దాన్ని చరిత్ర పరీక్షలో రాసి మార్కులడిగేవాళ్లతోనే చిక్కు.

రాజవేషానికి పోటీపడిన తొమ్మిదిమందికి ఇంకో ఇబ్బంది ఉంది. ఏ రంగంలో రాజు బందీ అవుతాడో ఆ రంగం ఎవరికీ వద్దు. “మా వాడకట్టోళ్లంత ముందట కూసుంటరు. వాళ్ల ముందట నన్ను కట్టేసుడా? గది తీసేయుండ్రి,” అంటాడొకాయన. తీసేస్తే యుగంధరుడికి పనేముంటుందని ఎవరూ అడగరు. రాజు పట్టుబడడు, మంత్రి పిచ్చివాడు కాడు, చాకలి సింహాసనం ఎక్కడు. మూడు గంటలూ రాజుగారు మీసం దువ్వుతూ కూర్చుంటారు. కొత్తగా వస్తున్న చరిత్ర సినిమాల్లో సగం ఇలాగే ఉంటున్నాయి గనక జనం సర్దుకుపోతారులెండి.

ఇలాంటి రాజులకు పాతకాలంలోనే ఒక ఏర్పాటు ఉండేది. ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడనే పండితుడు సంస్కృతంలో అలంకారశాస్త్రం రాశాడు. పేరు ‘ప్రతాపరుద్ర యశోభూషణం’, దాన్నీ ప్రతాపరుద్రీయమనే అంటారు. ఉపమకు ఉదాహరణ కావాలా, రాజుగారి కీర్తి. ఉత్ప్రేక్షకు కావాలా, రాజుగారి ప్రతాపం. నాటక లక్షణాలు చెప్పడానికి ఒక నాటకమే రాసి లోపల పెట్టాడు, దాని నాయకుడూ ఆయనే. రాజును పొగిడితే రాజు పోయాక చదివేవాడుండడు. పాఠ్యపుస్తకంలో ఇరికిస్తే పిల్లలు పరీక్ష కోసమైనా వల్లించి తీరాలి. రాజ్యం 1323లో పోయింది, పుస్తకం ఇప్పటికీ ఉంది. పరువు నిలబెట్టే కళలో విద్యానాథుడి ముందు యుగంధరుడు ఎందుకూ పనికిరాడు. ఇప్పటి విద్యానాథులు కూడలిలో ఫ్లెక్సీలు కడుతున్నారు. వాళ్ల అలంకారశాస్త్రంలో అతిశయోక్తి ఒక్కటే మిగిలింది, అదీ తప్పుల్లేకుండా రాయడం లేదు.

బందీ అయిన రాజు కోసం అంత దూరం పోనక్కర్లేదు, విసాపూర్‌కు కూతవేటు దూరంలోనే ఒకడున్నాడు. బల్లార్‌పూర్‌లో వార్ధా నది ఒడ్డున గోండు రాజుల కోట ఉంది. చాందాను, అంటే ఇప్పటి చంద్రపూర్‌ను, ఏలిన ఆఖరి గోండు రాజు నీలకంఠ షాను 1751లో రఘోజీ భోంస్లే అందులోనే ఖైదు చేశాడు. ప్రాణమున్నంతకాలం అక్కడే ఉంచాడు. ఆయన కోసం పిచ్చివేషం కట్టిన మంత్రి ఎవడూ రాలేదు. ఎలా వస్తాడు? తండ్రి నమ్ముకున్న దివానును నీలకంఠ షాయే చంపించాడనీ, జనాన్ని వేపుకుతిన్నాడనీ, అందుకే మరాఠాలు వచ్చినప్పుడు చాందా గోడలకు అడ్డం నిలబడ్డవాడు లేడనీ బ్రిటిషు కాలపు రాతలు చెబుతున్నాయి. ఆ రాతల్లోనూ గెలిచినవాళ్ల పక్షపాతం కొంత ఉండే ఉంటుంది. ఏమైనా యుగంధరుడు కావాలనుకునే రాజు మొదట చేయాల్సిన పని యుగంధరుణ్ణి బతకనివ్వడం. మన కమిటీకి ఈ కథ చెబితే, “గది గోండోళ్ల ముచ్చట, మనదేం గాదు,” అంటారు. ఉన్నది వాళ్ల ఊళ్లో, తాగేది వాళ్ల నది నీళ్లు, పరువు మాత్రం ఓరుగల్లు నుంచి పార్శిల్‌లో తెప్పించుకోవాలి.

పరువు గొడవ మనకొక్కరికే కాదు. శాస్త్రిగారి నాటకానికి మూడొందల ఏళ్ల ముందు, సుమారు 1597లో, ఇంగ్లండులో షేక్స్పియర్ ఒక చరిత్ర నాటకం రాశాడు, నాలుగో హెన్రీ మీద. 1403లో ష్రూస్‌బరీ దగ్గర జరిగిన యుద్ధం అందులో ఆఖరు ఘట్టం. హాట్‌స్పర్ అని ఒక కుర్రవాడు. పరువు చందమామ మీద ఉందంటే నిచ్చెన వేసేరకం. యువరాజు హాల్ ఇంకో రకం. తాగుబోతులతో తిరిగి పేరు చెడగొట్టుకుంటే, తర్వాత ఒక్క రోజు మంచిగా ఉన్నా లోకం ముక్కున వేలేసుకుంటుందని లెక్కగట్టినవాడు. వీళ్ల మధ్య ఫాల్‌స్టాఫ్, పీపాలాంటి ముసలి తాగుబోతు. పరువు కాలు విరిగితే అతకదు, గాయం నొప్పి తీయదు, అది దొరికేది చచ్చినవాడికి, వాడికేమో తెలియదు, నాకెందుకా సరుకు అంటాడు. యుద్ధంలో చచ్చినట్టు పడుకుని లేచి, హాల్ చంపిన హాట్‌స్పర్ శవాన్ని పొడిచి, చంపింది నేనేనని భుజానేసుకుని పోతాడు. యువరాజు చూసి, పోనీలే అంటాడు.

ఫాల్‌స్టాఫ్‌ను పేరిగాడి పక్కన పెట్టి మురిసిపోయే విమర్శకులుంటే వాళ్లకో మనవి. ఫాల్‌స్టాఫ్ సర్ బిరుదున్నవాడు, అంటే దొరే. ఉన్నవాళ్ల దగ్గర డబ్బు జేబులో వేసుకుని వదిలేసి, బీదవాళ్లను పటాలంలో చేర్పించి తుపాకుల ముందుకు తోసినవాడు. పరువు వద్దనడానికి కూడా ముందు అది ఇంట్లో ఉండాలి. పేరిగాడికి వద్దనే అవకాశం ఎవరిచ్చారు? చచ్చినట్టు పడుకునే వీలు కూడా లేదు వాడికి. పడుకుంటే చచ్చింది రాజవుతాడు.

ఇంకో సంగతి. పేరిగాడి చేత వాడి భాషలోనే మాట్లాడించారని ఆ రోజుల్లో పండితులకు కోపాలొచ్చాయి. పాత్రకు తగిన భాష పెట్టాలని శాస్త్రిగారు గట్టిగా నిలబడ్డారు. అంతకుముందు నాగానందంలోనూ ఆయన ఆ పని చేశారు. అందుకు ఆయన్ను మెచ్చుకోవాలి. తర్వాత గిడుగు రామమూర్తి గారు ఆ మాట్లాడే భాషే బడి పుస్తకాల్లో ఉండాలన్నప్పుడు మాత్రం ఇదే శాస్త్రిగారు అవతలి గట్టున నిలబడి ‘గ్రామ్యాదేశ నిరసనం’ రాశారు. చాకలి తన మాట తాను రంగస్థలం మీద మాట్లాడవచ్చు, జనం నవ్వుతారు గనక. ఆ మాటే పలక మీద రాస్తే భాష పరువు పోతుంది. రాజవేషంలో ఉన్నంతసేపు చాకలిని సింహాసనం మీద కూర్చోనివ్వడం కూడా ఈ లెక్కలోదే.

సుల్తాను వేషానికి గనిలో పనిచేసిన ఒక ముస్లిం పెద్దాయన పేరు చెబుతారు. ఎవరూ ఆలోచించరు, అందరి నోటా ఒకేసారి వస్తుంది. ఆయన పుట్టింది రామగుండంలో, ఆయన తెలుగు పద్యం ఎత్తితే పక్క వాడకట్టుదాకా వినబడుతుంది. ఆయన నవ్వి, “సుల్తాన్ ఏషం ఎవరన్న ఏస్తరు బాబాయ్, గులాబ్‌పువ్వు వాసన చూస్కుంట కూసునుడే గద. నేను యుగంధరుని ఏషం ఏస్త. పద్యాలన్ని నాకు నోటికొచ్చు,” అంటాడు. గది నిశ్శబ్దం. మనోభావాలు అనే మాట అప్పుడు మొదటిసారి బయటికి వస్తుంది. అంతదాకా అది ఎవరి జేబులో ఉందో తెలియదు. ఎవరి మనోభావాలు, ఎక్కడ దెబ్బతిన్నాయి, దెబ్బ ఎంత లోతు అని అడగడానికి లేదు. మనోభావం దెబ్బతిన్నవాడికి మందు ఒకటే, ఇంకొకరి వేషం తీసేయడం. యుగంధరుడి పద్యాలు రానివాడికి యుగంధరుడి వేషమిచ్చి, తెర వెనక నుంచి పద్యాలు పెద్దాయన చేత చదివించుకుందామని అధ్యక్షుడు రాజీ చెబుతాడు. పోలిక ఒకడిది, ప్రాణం ఒకడిది. నాటకం సూత్రం ఈ కమిటీకి ఒంటబట్టిందనే చెప్పాలి.

పేరిగాడి వేషానికి చివరికి ఒక కుర్రవాడు దొరుకుతాడు. బల్లార్‌పూర్‌లో ఇస్త్రీ బండి పెట్టుకున్నవాడు. పిలిపించి, “నువ్వైతే సక్కగ సూటైతవ్ రా,” అంటారు. ఎందుకు సూటవుతాడో గదిలో ఎవరూ పైకి అనరు. పైకి అనకపోవడం ఇప్పటి మర్యాద.

కుర్రవాడు నాటకం పుస్తకం తీసుకుపోయి చదివి వస్తాడు. ఎవరూ ఊహించని పని అది. అధ్యక్షుడే ఇంకా చదవలేదు.

“ఏస్త కాక. గని నాయి కొన్ని మాటలున్నయి. రాజు లేనప్పుడు రాజు కుర్సీల కూసునేది నేను. బాణం వస్తే తాకేది నాకు. నేను సస్తే ఎవల పేరు మీద వీరగల్లు నిలవెడ్తరు? రాజు పేరు మీదనే గద. మరి మా అవ్వ ఏడిస్తే ఎవరన్న అడిగితే ఏం చెప్పాలె? రాజు సచ్చిండని ఏడ్వాల్నా, కొడుకు సచ్చిండని ఏడ్వాల్నా?”

“అరే, గది నాటకం రా.”

“నాటకమే కాక. అందుకే అడుగుతున్న, సీను ఏడున్నదని. రాజు మల్ల వచ్చినంక నన్ను లోపలికి పంపుతరు. అన్ని దినాలు రాజుపని చేస్తి గద, గా కూలి ఇచ్చే సీను ఏది? పోనీ, గది వద్దు. పోస్టర్ల రాజు ఫొటో పెద్దగ ఏస్తున్నరు. నా మొఖం, రాజు మొఖం ఒక్కతీరే ఉంటదని మీరే అంటిరి. ఫొటో ఒక్కటే సాలు. కింద పేరు నాది రాయుండ్రి. ఇంకొకటి, నాటకమైనంక రాజుల బట్టలు రాజులే ఉతుక్కోవాలె.”

పదిమందిలో తొమ్మిదిమందికి చాయ్ చేదయిపోతుంది. కలికాలం అంటాడొకాయన. చదువు ఎక్కువైతే ఇట్లనే ఉంటది అంటాడు, పిల్లలిద్దరినీ ఇంజినీరింగు చదివించిన ఇంకొకాయన. ఆ కుర్రవాడు మాత్రం తన కాలం కంటే కాస్త వెనకబడే ఉన్నాడని నా ఉద్దేశం. ఓరుగల్లుకు ఎంతో దూరం లేని పాలకుర్తిలో, 1940లలోనే, చిట్యాల ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్ మనుషులను తన చేలోంచి తరిమించింది. ఆమె కులంతో కలిపి లోకం చాకలి ఐలమ్మ అంటుంది. ఆమె కౌలు భూమి, ఆమె వడ్లు. దొరకు ఆ గింజలు లేకపోతే పూట గడవదని కాదు, ఒక చాకలిది తన పేరు మీద పంట కోసుకుంటే గడీ పరువు ఏమవుతుందని. ఏమైందో అందరికీ తెలుసు. హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టారు. దొర పేరుతో విశ్వవిద్యాలయం ఉందా అని మన కమిటీని అడిగితే, మళ్లీ ఫోన్లు మోగుతాయి.

కుర్రవాడి షరతులు ఒప్పుకుంటే ఇవాళ పోస్టరు, రేపు కమిటీలో మెంబరు అంటాడని భయపడి, నాటకమే మార్చేస్తారు. బొబ్బిలి యుద్ధం! శాస్త్రిగారే అదీ రాశారు, శ్రీపాద కృష్ణమూర్తి శాస్త్రిగారూ రాశారు, బుర్రకథలకు లెక్కలేదు, 1964లో రామారావు గారి సినిమా వచ్చింది. పోలిక ఉన్న చాకలితో పని లేదు. అందరూ దొరలే, అందరికీ మీసాలే. బొబ్బిలి రాజు రంగారావుకు నలుగురు, ఆయన పక్షాన పోరాడిన తాండ్ర పాపారాయుడికి ఆరుగురు లేస్తారు. వాళ్ల శత్రువు, విజయనగరం రాజు విజయరామరాజుకు ఎవరూ లేవరు, ఆయన గుడారంలో పడుకుని చస్తాడు గనక.

బొబ్బిలిలో పరువు లెక్క మరీ కరుకు. ఎక్కడో ఇంకో చోట భూమి ఇస్తాం, ఈ కోట వదిలి పొమ్మన్నారు. పోనన్నాడు రంగారావు. ఇరుగు పొరుగు జమీందార్ల కక్షకు ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు మోసుకొచ్చాడు. 1757 జనవరి 24న, ఒక్క పగటిలో, కోట అయిపోయింది. ఫిరంగులు లోపలివాళ్లను ఎంతమందిని చంపాయో గానీ, ఆడవాళ్లనూ పిల్లలనూ చంపింది ఫిరంగులు కాదు. కోట పోతుందని తేలాక లోపలి మగవాళ్లే ఇళ్లకు నిప్పు పెట్టి, తప్పించుకోబోయినవాళ్లను పొడిచారని ఇంగ్లీషు చరిత్రకారుడు ఓర్మ్ రాశాడు. శత్రువు చేతికి చిక్కకూడదు, పరువు. రాజుగారి పసి కొడుకును ఒక ముసలాయన కాపాడి బయటికి తెచ్చాడు. వంశం నిలబడాలంటే ఒకడు బతకాలి, పరువు నిలబడాలంటే తక్కినవాళ్లు చావాలి. పత్రికల్లో పరువు హత్య అనే మాట ఈ రోజుకీ వాడుకలో ఉండగా, ఆ కోట కాలిపోయి 260 ఏళ్లు దాటిందని ఎవరనగలరు?

బుర్రకథలో వంతలు ఈ ఘట్టం దగ్గర గుమ్మెట వాయించే వేగం పెంచుతారు, జనం కళ్లు తుడుచుకుంటారు. పాపారాయుడు రాజాం నుంచి ఆలస్యంగా వచ్చి, కొన్ని రాత్రుల తర్వాత విజయరామరాజును గుడారంలో దూరి చంపి, తనూ చచ్చి, కథానాయకుడవుతాడు. ఆ ఆడవాళ్లలో ఒక్కరినైనా నిప్పు పెట్టే ముందు అడిగినట్టు ఏ నాటకంలోనూ నేను చూడలేదు. అడిగితే సరేననేవాళ్లేనని కవులు ముందే రాసి పెట్టారు. వాళ్ల సమ్మతి పద్యంలో ఉంటుంది.

రంగారావు రాణి మల్లమ్మదేవికీ, రాణివాసానికీ మనుషులు కావాలి. పూర్వం మగవాళ్లే చీర కట్టేవాళ్లు. ఇప్పుడలా చేస్తే మీసాలు తీయాలి, ఎవరి మీసాలూ తీసే పరిస్థితి లేదు. మన ఇండ్లల్ల ఆడోళ్లే ఉన్నరు గద అని అధ్యక్షుడు కబురు పంపుతాడు. సాయంత్రం నలుగురైదుగురు వస్తారు. ఒకామె బీడీల గంప పక్కన పెట్టి కూర్చుంటుంది, ఒకామె అంగన్‌వాడీలో పనిచేసి అటే వచ్చింది. కథ వింటారు. కోట, ఫిరంగి, నిప్పు, పరువు.

“మాకు మాటలెన్ని ఉన్నయి అన్నా?” అంటుంది అంగన్‌వాడీ ఆమె.

“మాటలేం లేవు చెల్లె. దండం పెట్టుకుంట అగ్గిల దుంకుడే. మస్తు గొప్ప సీను.”

“అగ్గి పెట్టేది ఎవలు? బుస్సీనా?”

“కాదు. మనోళ్లే.”

బీడీల గంప ఆమె అంతదాకా ఏమీ అనలేదు. “అట్లయితె బుస్సీ ఏషం మాకియ్యుండ్రి. గా పక్కనైతె ఫిరంగన్న మన చేతుల ఉంటది,” అంటుంది. తక్కినవాళ్లు తలలూపుతారు. ఫిరంగికి ఎంతమంది కావాలో అప్పుడే లెక్క వేసుకోవడం మొదలుపెడతారు.